నోరు తెరిచిన బొమ్మ

మా ఇంట్లో నా ఫొటోలు ఓ నలభై దాకా ఉంటాయి. ఒక్కదాంట్లో కూడా నా పళ్లు కనపడవు. తొమ్మిదో తరగతిలో గ్రూప్ ఫొటో చేతికొచ్చినప్పుడు పక్క బెంచీ పిల్ల దాన్ని ఎగాదిగా చూసి, "ముందు నీ పళ్లు వచ్చాయి, వాటి వెనకాల నువ్వొచ్చావు" అంది. ఆ రోజు నుంచీ కెమెరా కనపడితే చాలు, నా పెదాలు వాటంతటవే మూసుకుంటాయి. పెళ్లి ఫొటోలో మూసుకున్నాను. ఇద్దరు పిల్లల బాప్తిస్మం ఫొటోల్లో మూసుకున్నాను. ఆధార్ కార్డు ఫొటోలో నోటికి తోడు కళ్లు కూడా మూసుకున్నాను.

ఫొటో తీయనప్పుడు మాత్రం నా నోటికి మూత లేదట. ఈ మాట నాది కాదు, మా ఆయనది. బందరులో ముప్పై ఏళ్లుగా చిన్నపిల్లలకి పాఠాలు చెబుతున్నాను. నేను రెండో తరగతిలో నిలబడి "కూర్చోండి" అంటే గోడ అవతల ఐదో తరగతి కూడా కూర్చుంటుంది. చర్చిలో నేను పాట ఎత్తుకున్నానంటే మైకు చూసుకునే ఆయన చల్లగా నా వైపు మైకు కట్టేస్తాడు. నాకేం కోపం లేదు, కరెంటు ఆదా.

ఇలాంటి నన్ను మా మేనకోడలు బొమ్మ వేస్తానంది.

మా తమ్ముడి కూతురది. ఇరవై ఏడేళ్ల మనిషిని పట్టుకుని "అది" అంటే ఈ రోజుల్లో బాగోదని తెలుసు. కానీ దాని ఉయ్యాల ఊపిన రోజుల నుంచీ అలవాటైన మాట, ఇప్పుడు మారదు. విశాఖపట్నంలో బొమ్మలు వేయడమే చదువుగా చదువుకుంది. ఆ చదువుకి ఏ ఉద్యోగం వస్తుందని మావాళ్లంతా అడిగి అడిగి అలిసిపోయారు. ఇప్పుడు గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ చెబుతూ, రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో మేడ మీద గది తీసుకుని, తను పడుకోవడానికి చోటు మిగలకుండా అందులో బొమ్మలు నింపుకుంది.

"అత్తా, ఆరు ఆదివారాలు వచ్చి నా ఎదురుగా కూర్చో. చాలు" అంది.

మొదటి ఆదివారం ఆరాధన అయిపోగానే గులాబి రంగు పట్టుచీర కట్టుకుని, మొహానికి పౌడరు అద్దుకుని, పాసింజరెక్కి గుడివాడ వెళ్లాను. గదిలో అడుగుపెట్టగానే ఘాటైన వాసన. టర్పెంటైనూ అవిసె నూనే అని చెప్పింది. అవిసె నూనె మోకాళ్లకి మంచిదని విన్నాను గానీ, రంగుల్లో కలిపి గుడ్డకి పూస్తారని వినలేదు. సరే, కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. నోరు మూసుకున్నాను.

"ఏంటత్తా అలా బిగుసుకుపోయావు? మాట్లాడు."

"బొమ్మ వేస్తున్నావు కదే."

"అందుకే మాట్లాడమంటున్నా."

మాట్లాడాను. మా హెడ్‌మాస్టారి గురించి చెప్పాను. మధ్యాహ్న భోజనంలో గుడ్డు దాచుకుని జేబులో చితక్కొట్టుకునే పిల్లల గురించి చెప్పాను. చర్చి కొయిర్‌లో తను శ్రుతి తప్పుతూ నన్ను సరిదిద్దే ఆవిడ గురించి చాలా చెప్పాను. అది కుంచె పట్టుకుని తలెత్తినప్పుడల్లా ఠక్కున నోరు మూసేదాన్ని. తల దించగానే మళ్లీ అందుకునేదాన్ని. ఆరు ఆదివారాలూ ఇదే ఆట. బొమ్మ మాత్రం ఒక్కసారి కూడా చూడనివ్వలేదు. దానికి పళ్లు చూపించకుండా పని కానిచ్చానని రైల్లో తిరిగొస్తూ ప్రతివారం నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఏడో ఆదివారం మా ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. అది మా ఇద్దరినీ గోడకి ఆనుకుని నిలబడమని, బొమ్మ మీద కప్పిన పాత దుప్పటి తీసింది.

ఆ బొమ్మ నా అంత ఎత్తుంది. అందులో సగం మొహమే. ఆ మొహం ఆకుపచ్చగా ఉంది, అది కూడా పాచి ఆకుపచ్చ. దాని మీద పసుపూ బూడిదా రంగుల చారలు. కనుగుడ్లు వెళ్లుకొచ్చి చూస్తున్నాయి. ముడి ఊడిన జుట్టు రెండు పక్కలా ముందుకి వేలాడుతోంది. కుడిచెయ్యి మొహం కంటే పెద్దది, వేళ్లన్నీ విప్పుకుని చూసేవాళ్ల మీదికి వచ్చేస్తోంది. అడుగున ఇటుక రంగు చీర కొంచెం కనపడుతోంది. నా గులాబి పట్టు ఏమైపోయిందో తెలీదు. కాళ్లు లేవు, వెనకాల గోడ లేదు. మొహం చుట్టూ చిన్నవీ పెద్దవీ తెల్లటి గుండ్రాలు. సరిగ్గా మధ్యలో నా నోరు, బార్లా తెరిచి ఉంది. యాభై తొమ్మిదేళ్ల నా పళ్లన్నీ అందులో ఉన్నాయి, లెక్కపెట్టుకోవచ్చు.

మా ఆయన దగ్గరికెళ్లి చూశారు. వెనక్కి జరిగి చూశారు. "ఈ తెల్లవి మరమరాలా అమ్మా?" అని అడిగారు.

"కాదు మావయ్యా" అంది అది.

ఆరిందో లేదో చూద్దామని చెంప మీద వేలు పెట్టారు. ఆకుపచ్చ అంటుకుంది. ఆ వేలు రుమాలుకి తుడుచుకుంటూ, తీర్పు చెప్పేవాడిలా, "పోలిక ఉంది" అన్నారు. ఆ సాయంత్రం ఆయనకి కాఫీ ఇవ్వలేదు.

"నేను నీకేం చేశానే?" అన్నాను దాన్ని. నవ్వుతూనే అన్నాను. కానీ మాట బయటికొచ్చాక గుర్తొచ్చింది. ఏం చేశానో నాకు తెలుసు.

దానికి ఐదేళ్లప్పటి సంగతి. మా పుట్టిల్లు దివిసీమలో, హంసలదీవి వెళ్లే దారిలో. ఇంటి ముందు రోడ్డు, రోడ్డు దాటితే కాలువ. సెలవులకి వెళ్లి ఉన్నాను. ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి రేవులో కాళ్లు కడుక్కుంటుంటే, నా చెప్పొకటి నీళ్లలో కొట్టుకుపోయింది. నా వెనకాలే వచ్చిన పిల్ల దాన్ని అందుకోబోయి జారింది. కాలువకి నీళ్లు నిండుగా వదిలిన రోజులు. నేను మెట్టు మీద మోకాళ్లేసుకుని, అరుస్తూ వంగి, గుర్రపుడెక్క సందులో గౌను కనపడితే పట్టుకుని లాగాను. గట్టు మీద పడుకోబెట్టాను. అది దగ్గింది, నీళ్లు కక్కింది, ఊపిరి తీసుకుంది. అప్పుడు నేను చేసిన మొదటి పని, దాని చెంప మీద ఛెళ్లున కొట్టడం.

ఎందుకు కొట్టానో ఇప్పటికీ చెప్పలేను. రేవులో మా ఇద్దరం తప్ప ఎవరూ లేరు. ఇంటికెళ్లాక లాగిన కథ చెప్పాను, కొట్టిన కథ చెప్పలేదు. మా అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చి ప్రార్థన చేసింది. తర్వాతి ఆదివారం పాస్టరు గారు "అమ్మా, లేచి సాక్ష్యం చెప్పు" అన్నారు. లేచి నిలబడి, దేవుడు బిడ్డని ఎలా కాపాడాడో, మైకు అక్కర్లేని గొంతుతో చర్చి అంతటికీ చెప్పాను. ముందు వరుసలో చాప మీద కూర్చున్న ఆ పిల్ల నన్నే చూస్తోంది. దాని బుగ్గ మీద నా వేళ్లు ఇంకా ఉన్నాయనే అనిపించింది. నోట్లో మాట ఆగని దాన్ని, ఇరవై రెండేళ్లు ఆ ఒక్క మాట మాత్రం దాచుకున్నాను.

అది మర్చిపోలేదన్నమాట. నా సాక్ష్యం నేను చెప్పుకున్నాను, ఇప్పుడు తన సాక్ష్యం తను వేసింది. ఆ నోరు, ఆ కళ్లు, మీదికొచ్చే ఆ చెయ్యి. కొట్టేముందు నేను అలాగే ఉండి ఉంటాను.

"అత్తా, వచ్చే నెల బందరులో ఎగ్జిబిషన్" అంది, నా మొహం చూడకుండా కుంచెలు కడుగుతూ. "కాలేజీ హాల్లో మూడు రోజులు. నా మొదటిది. ఇది గుమ్మానికి ఎదురుగా పెడదామని. బందరు నీ ఊరు కదా, నీకిష్టం లేకపోతే పెట్టను. కానీ ఇది లేకపోతే మిగతావి పెట్టాలనిపించట్లేదు."

ఇది ఆ రోజేనా అని అడిగేస్తే సరిపోయేది. అవునంటుందేమోనని అడగలేదు. "చూద్దాంలే, ఈలోపు ఫోన్లో ఒక ఫొటో పంపు" అన్నాను. దానికి నచ్చజెప్పి బొమ్మ మార్పించాలని నా ఉపాయం.

మర్నాడు స్కూలయ్యాక ఆ ఫొటో పట్టుకుని కోనేరు సెంటర్లో ఫ్లెక్సీలు వేసే షాపుకి వెళ్లాను. మా ఊళ్లో మనిషి పుట్టినా, పెళ్లి చేసుకున్నా, పోయినా ఫ్లెక్సీ కావాల్సిందే. అందులో అందరూ తెల్లగా ఉంటారు, ఎవరికీ ముడతలుండవు. షాపు యజమాని ఒకప్పుడు నా దగ్గర రెండో తరగతి చదివాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి.

"రండి టీచర్ గారూ. శుభాకాంక్షలాండి, శ్రద్ధాంజలాండి?"

"నేనింకా బతికే ఉన్నాన్రా."

"అయితే శుభాకాంక్షలేనండి" అన్నాడు హాయిగా.

ఫోన్లో బొమ్మ చూపించాను. కుర్చీలోంచి లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. "మీరేనండి" అన్నాడు.

"ఈ నోరు మూయగలవా?"

"కంప్యూటర్లో అయితే అవుద్దండి" అన్నాడు. కంప్యూటర్లో అయితే అనడం నేను గమనించనట్టు ఊరుకున్నాను.

వాడి దగ్గర నోళ్లకంటూ వేరే ఫోల్డరుంది. నవ్వే నోళ్లు, సగం నవ్వే నోళ్లు, మర్యాదగా మూసుకున్న నోళ్లు. అందులోంచి ఒకటి తీసి నా మొహానికి అతికించాడు. ఎవరిదిరా అంటే, "మా అత్తగారిదండి. మొన్న రెండు పెళ్లిరోజులకీ ఎవరో పోతే పెట్టిన ఒక ఆదరణ కూటానికీ ఇదే పెట్టానండి, ఎవరికీ తేడా తెలీలేదు" అన్నాడు. ఆకుపచ్చ తీసేసి తెలుపు కొట్టాడు. "ఇంకో రెండు పాయింట్లు కొట్టమంటారా?" అంటే కొట్టమన్నాను. జుట్టు ముడివేశాడు. తెల్ల గుండ్రాలు చెరిపేశాడు. ఆ పెద్ద చెయ్యి తీసేసి పూలగుత్తి పట్టుకున్న చెయ్యి పెట్టాడు. పావుగంటలో నేను నలభై ఏళ్లుగా ఫొటోల్లో ఎలా ఉండాలనుకున్నానో అలా తయారయ్యాను. అక్కడికక్కడే దాన్ని గుడివాడకి పంపి, "ఇలా మార్చు తల్లీ" అని రాశాను.

"ఈవిడెవరత్తా?" అని జవాబొచ్చింది.

అంతటితో పోలేదు. మూడో రోజు పొద్దున స్కూలుకెళ్లేసరికి గేటు పక్కన పదడుగుల ఫ్లెక్సీ కట్టి ఉంది. "మా టీచర్ గారికి పదవీ విరమణ శుభాకాంక్షలు. ఇట్లు, పూర్వ విద్యార్థులు." మధ్యలో పూలగుత్తితో నేను. ఈ వయసులో టీచరు ఫొటో బాగుచేయించుకుంటోందంటే రిటైర్మెంటుకే అయ్యుంటుందని వాడికి వాడే అనుకుని, పదిమందిని పోగేసి, నన్ను ఆశ్చర్యపరచాలని కట్టించాడు. నాకింకా మూడేళ్ల సర్వీసుంది.

ఫోన్ చేసి అరిచాను. అరుస్తూ అరుస్తూ, "పైగా పేరైనా వేయలేదేంట్రా?" అన్నాను.

"మీకు పేరెందుకండి? మొహం చూస్తే బందరంతా పోల్చేస్తారండి" అన్నాడు పాపం.

బందరులో ఒక్కరు పోల్చుకుంటే ఒట్టు. ఇరవై ఏళ్లుగా మా గోడ పక్కనే ఉంటున్న ఆవిడ మధ్యాహ్నం నన్నాపి, "మీ స్కూల్లో ఎవరో రిటైరవుతున్నారంటగా? ఫ్లెక్సీ చూశానండి. నెమ్మదస్తురాలిలా ఉంది, ఎప్పుడూ చూడలేదే?" అంది. మా హెడ్‌మాస్టారు పక్క స్కూలువాళ్లు పొరపాటున మన గేటుకి కట్టారేమో కనుక్కోమన్నారు. సాయంత్రం దాన్ని విప్పడానికి మా ఆయన్ని తీసుకెళ్తే, కింద నిలబడి చాలాసేపు చూసి, "పోలిక లేదు" అన్నారు. తాళ్లు విప్పుతూ, "ఈవిడైతే కాఫీ ఇచ్చేది" అన్నారు. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు మా స్కూటర్ మీద కప్పి ఉంటుంది. వానకి బాగా ఆగుతుంది.

ఆ రాత్రి కూర్చుని ఆలోచించాను. పళ్లు దాచేసి, నోరు మూసేస్తే, ముప్పై ఏళ్లుగా తిరుగుతున్న ఊరు నన్ను పోల్చుకోలేదు. మా మేనకోడలు మాత్రం ఐదేళ్ల వయసులో చూసిన మొహాన్ని పోల్చుకుని, దాచుకుని, వేసింది. ఆ దెబ్బ గుర్తుంటే గుర్తుండనీ. కొట్టింది నేనే కదా. గుడివాడకి ఫోన్ చేసి, "పెట్టుకో. గుమ్మానికి ఎదురుగానే పెట్టుకో" అన్నాను.

ఎగ్జిబిషన్ రెండో రోజు సాయంత్రం నాలుగింటికి వెళ్లాను. మొదటి రోజు ధైర్యం చాలలేదు. కరోనా నాటి మాస్కొకటి వెతికి పెట్టుకుని, గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని ఆటో ఆపాను. "కాలేజీకేనాండి టీచర్ గారూ? మీ బొమ్మ బాగా వచ్చిందంటండి" అన్నాడు ఆటో అతను. గేటు దగ్గర వాచ్‌మన్ నాకు దండం పెట్టి హాలు ఎటో చూపించాడు. గొడుగు ముడిచేశాను.

లోపల గుమ్మానికి ఎదురుగా నేను. మిగతా బొమ్మలకంటే పైకి కట్టింది. దాని ముందు చిన్నపిల్లలు కూర్చునే పొట్టి బెంచీ ఒకటి వేసి ఉంది. ఇద్దరు తల్లులు నిలబడి చూస్తున్నారు. ఇద్దరి పిల్లలూ నా క్లాసే. "హోంవర్కు చేయలేదంటే అచ్చం ఇలాగే ఉంటారంట, మావాడు చెప్పాడు" అని ఒకావిడ రెండో ఆవిడతో అంటూ, నన్ను చూసి, నమస్కారం పెట్టి, పక్క బొమ్మ దగ్గరికి జరిగిపోయింది. మా మేనకోడలు హాలు చివర ఎవరికో ఏదో చెబుతోంది. నా మోకాళ్లు నన్ను ఎక్కువసేపు నిలబడనివ్వవు. ఆ పొట్టి బెంచీ మీద చతికిలబడి, తలెత్తాను.

కింది నుంచి చూస్తే అది వేరే బొమ్మ.

ఆ మొహం నా పైన వంగి ఉంది. జుట్టు అందుకే ముందుకి వేలాడుతోంది. కాళ్లు లేకపోవడం కాదు, నేనున్న చోటు నుంచి కనపడవు. ఆకుపచ్చ కాలువది. పసుపు చారలు నీళ్లలోకి దిగిన ఎండ. ఇటుక రంగు ఆ ఆదివారం నేను కట్టుకున్న నేతచీర. మా ఆయన మరమరాలన్నవి నీటి బుడగలు, పిల్ల నోట్లోంచి పైకి వెళ్తున్నవి. ఆ చెయ్యి కొట్టడానికి రావట్లేదు. ఇంకా అందుకోలేదు, అందుకోవాలని వస్తోంది. ఇది గట్టు మీది మొహం కాదు. దానికంటే ముందుది. ఈ మొహం నేనెప్పుడూ చూసుకోలేదు. దీన్ని చూసినది అదొక్కతే.

ఎప్పుడొచ్చిందో వచ్చి నా పక్కన బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంది. "కూర్చుంటేనే కనపడుతుందత్తా. అందుకే బెంచీ వేశా. నిన్నటి నుంచీ ఒక్కరూ కూర్చోలేదు."

"మరి దెబ్బ?" అన్నాను.

"ఏ దెబ్బ?"

అప్పుడు చెప్పాను. ఇరవై రెండేళ్లు దాచుకున్నది రెండు ముక్కల్లో అయిపోయింది. అది కళ్లింత చేసుకుని విన్నది.

"కొట్టావా? మునిగి లేచినదాన్నా?"

"ఒక్కటే."

"గట్టిగానా?"

"గట్టిగానే."

హాలంతా తిరిగి చూసేలా నవ్వింది. నవ్వు మా వైపు నుంచే వచ్చింది దానికి. "నాకసలు గుర్తే లేదత్తా. నాకు ఇదే గుర్తు. భయమేసినప్పుడు కళ్లు మూసుకుంటే ఇదే వస్తుంది. వస్తే ధైర్యంగా ఉంటుంది" అంది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఏడ్చాను. మాస్కు తడిసిపోయింది. అది నా కొంగుతోనే నా కళ్లు తుడిచి, బొమ్మ వైపు తిరిగింది.

"ఒకటి అడగనా? ఆ రోజు ఏమని అరుస్తున్నావు? నోరు కనపడింది గానీ నీళ్లలో నాకేం వినపడలేదు. ఆరు ఆదివారాలు నీచేత మాట్లాడించింది అందుకే. ఎప్పుడోకప్పుడు చెబుతావేమో అని."

"నీ పేరేనే. ఇంకేమని అరుస్తాను?"

"ఏదీ, అను."

"ఇక్కడా? ఇంతమందిలోనా?"

"అప్పటిలాగే అనాలి."

మాస్కు తీసేశాను. దాని పేరు పెట్టి పిలిచాను. కాలువ గట్టు మీద పిలిచినట్టే, నోరంతా తెరిచి, పళ్లన్నీ కనపడేలా. హాల్లో ఉన్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. వరండాలోంచి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. అటు మూల నా పాత విద్యార్థి ఎవరో, ముప్పై ఏళ్లవాడు, ఉన్నచోటే కూర్చుండిపోయాడు.

అది నా భుజానికి భుజం తగిలేంత దగ్గరగా ఉంది. అయినా దూరం నుంచి పలికినట్టు, కాస్త ఆలస్యంగా పలికింది.

"వినపడిందత్తా."